పెంగ్విన్లకై బయలుదేరి గూడబాతుల దాకా



మొన్నటి సంక్రాంతి సెలవులలో మా మనవడు ఒక కోరిక కోరాడు. ఏడవ తరగతి చదువుతున్న పిల్లవాడు. "తాతా, పెంగ్విన్లను చూడాలి. జూలో కాదు, అవి ఉండే చోటికే పోయి చూడాలి" అన్నాడు. ముంబయిలోని బైకుల్లా జంతు ప్రదర్శనశాలలో 2017 నుంచి పెంగ్విన్లను చూపుతున్నారని నేను చెప్పబోతే మధ్యలోనే అడ్డుకున్నాడు. అద్దాల గదిలో చల్లగాలి పెట్టి ఉంచినవి వాడికి అక్కరలేదట.

వాడి పట్టు చూసి మా అమ్మాయి లెక్కలు వేసింది. అంటార్కిటికా మాట అటుంచి, స్వేచ్ఛగా తిరిగే పెంగ్విన్లను కాస్త తక్కువ ఖర్చుతో చూడగల చోట్లలో ఒకటి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ దగ్గరి బౌల్డర్స్ తీరం. విమానం, వీసా, బస... ఎంత బిగించి లెక్కవేసినా మా ఇద్దరికీ లక్షలలోనే తేలింది. "చవక" అనే చిన్న మాట వెనుక ఇన్ని సున్నలు పడతాయని ఈ విశ్రాంత తెలుగు పండితుడికి అంతవరకూ తెలియదు.

పిల్లవాడి ముఖం చిన్నబోయింది. ఊరడించే ఉపాయం తోచక, నాకు అలవాటైన పనే చేశాను. ఆ మాట పుట్టుక చెప్పాను. ఉత్తర అట్లాంటిక్ దీవులలో ఒకప్పుడు నలుపు తెలుపు రంగులతో, నిటారుగా నిలబడే, ఎగరలేని పెద్ద పక్షి ఒకటి ఉండేది. పదహారవ శతాబ్దిలో నావికులు "పెంగ్విన్" అన్నది ఆ పక్షినే. తరువాత దక్షిణ సముద్రాలకు వెళ్ళినవారు అక్కడ అదే తీరుగా నిలబడిన వేరొక పక్షిని చూసి, దానికీ ఆ పేరే పెట్టారు. రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు. మాంసానికి, ఈకలకు, కొవ్వుకు చంపగా చంపగా ఉత్తరాది పక్షి తరిగిపోయింది. 1844లో ఐస్‌లాండ్ దగ్గరి ఎల్డే దీవిలో, గుడ్డు పొదుగుతున్న చివరి జంటను కూడా చంపేశారు. పక్షి పోయింది, పేరు మాత్రం దక్షిణాది పక్షి మీద నిలిచిపోయింది.

మనవడు కాసేపు ఆలోచించి, "అట్లా పేరు మిగిలి పక్షి పోయింది మన పక్క కూడా ఉందా తాతా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబు ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పనిది. ఆ పూట కూడా చెప్పలేదు. "రేపు తెల్లవారుజామున లేస్తావా?" అని మాత్రం అడిగాను.

*

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు, అంతవరకూ నెల్లూరు జిల్లాలో ఉన్న సూళ్ళూరుపేట ప్రాంతం మన జిల్లాలోకి వచ్చింది. దానితో పాటు నేలపట్టు చెరువూ, పులికాట్ సరస్సులో పెద్ద భాగమూ వచ్చాయి. చిత్తూరు జిల్లాలో పుట్టి పెరిగి, కొండలు తప్ప సముద్రపు గాలి ఎరుగని నాబోటి వాడికి జీవిత చరమదశలో సొంత జిల్లాకు ఒక ఉప్పునీటి కయ్య దక్కింది. దక్కిన ఆస్తిని చూసుకోకపోతే ఎలా?

తిరుపతి బస్టాండులో తొలి బస్సు ఎక్కి, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరాము. అక్కడ బస్సు మారి జాతీయ రహదారి మీద దక్షిణంగా కొంత దూరం పోతే దొరవారిసత్రం వస్తుంది. దిగి ఆటోలో రెండు మూడు కిలోమీటర్లు వెళితే నేలపట్టు. ఇంట్లో కట్టిచ్చిన పులిహోర, రెండు నీళ్ళ సీసాలు, పక్కింటివారి దగ్గర అరువు తెచ్చిన దుర్భిణి మా సరంజామా. మనవడు ఒక నోటుపుస్తకంలో ప్రతి పైసా రాస్తూ వచ్చాడు.

నేలపట్టును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. మొత్తం దాదాపు 459 హెక్టార్లు. అందులో చెరువు కొంత, తక్కినది పొట్టి చెట్ల అడవి. చెరువు మధ్యలో కడప చెట్లు నీటిలో మొలిచి, నీటిలోనే నిలబడి ఉంటాయి. నెలల తరబడి మొదలు మునిగినా చావని జాతి. ఆ కొమ్మల మీదనే ఏటా ఈశాన్య ఋతుపవనం పట్టిన తరువాత గూడబాతులు వచ్చి గూళ్ళు కడతాయి. వాటితో పాటు నత్తలను తినే కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కూడా. చూపుమేర ఏ చెట్టు తలపై చూసినా తెల్లగా ఏదో పూసినట్లు ఉంటుంది. దగ్గరగా చూస్తే ఆ పువ్వులకు ముక్కులున్నాయి.

గూడబాతు నోటి కింద వేలాడే పెద్ద తోలుసంచీని మనవడు దుర్భిణిలో చూసి విరగబడి నవ్వాడు. నాకు మాత్రం చిన్ననాటి దృశ్యం కళ్ళముందు నిలిచింది. కాలువలో నీరు మడికంటే పల్లంలో ఉన్నప్పుడు, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, తాళ్ళు కట్టిన గూడను ఊపుతూ నీరు ఎత్తి మడిలోకి పోసేవారు. ఈ పక్షి చేసేదీ అదే. ముక్కు ముంచి, నీటితో సహా చేపను ఎత్తి, నీరు వదిలేసి చేపను మింగుతుంది. గూడబాతు అనే పేరు పెట్టినవాడు గూడ వేసి వేసి చేతులు కాయలు కాచిన రైతే అయి ఉండాలని నా ఊహ. నిఘంటువులో ఎన్నోసార్లు చూసిన మాట. దాని లోపలి అర్థం నాకు ఈ చెరువుగట్టు మీద అరవై దాటాక తెలిసింది.

గట్టు మీద కాపలా ఉన్న పెద్దాయనను పలకరించాను. నేను బడిపంతులునని ఎలా పోల్చుకున్నాడో గాని, "అయివారా, ఈ ఏడు నీళ్ళు బాగుండాయి. నీళ్ళుంటే పిట్టలుంటాయి. వాన ఎగ్గొట్టిన ఏడు రమ్మన్నా రావు" అన్నాడు. "ఊళ్ళోవాళ్ళు ఏమీ అనరా?" అని అడిగితే, "ఎందుకంటారు సామీ? ఈ చెరువు నీళ్ళు పారితే మడికి వేరే ఎరువెందుకు?" అన్నాడు.

*

ఆ ఒక్క మాటలో చాలా చరిత్ర ఉంది.

మన పక్షుల గురించి తొలినాళ్ళలో శాస్త్రీయంగా రాసినవారిలో థామస్ జెర్డన్ ఒకరు. మద్రాసు సైన్యంలో వైద్యుడు, కొంతకాలం నెల్లూరులో కూడా పనిచేశాడు. 1862-64 మధ్య వచ్చిన తన పక్షుల గ్రంథంలో ఆయన కర్ణాటక ప్రాంతంలో తాను చూసిన ఒక పల్లెను వర్ణించాడు. ఆ పల్లె నడిబొడ్డున, అంత ఎత్తులేని చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుని ఉన్నాయట. తరతరాలుగా వస్తున్నాయని ఊరివారు చెప్పారట. మనుషుల సందడి వాటికి, వాటి సందడి మనుషులకు పట్టలేదట. రక్షిత కేంద్రం అనే మాట పుట్టక ముందు, ఒక చట్టమూ ఒక కంచే లేని రోజులవి.

అంతకు ముందరి సాక్ష్యం చెంగల్పట్టు దగ్గరి వేడంతాంగల్‌ది. తెల్ల సిపాయిలు వచ్చి చెరువులో పక్షులను కాలుస్తుంటే ఆ ఊరి రైతులు ఊరుకోలేదు. కలెక్టరు లయొనెల్ ప్లేస్ దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకున్నారు. 1798లో ఆయన వారికి పక్షులను కాపాడుకునే హక్కు గుర్తిస్తూ కౌలు ఇచ్చాడు. దానిని మళ్ళీ 1858లో రాయించుకున్నారు. ఆ రైతులు పక్షిశాస్త్రం చదవలేదు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు మడికి పారితే పంట ఎలా ఉంటుందో మాత్రం వారికి తెలుసు.

ఇదే రెట్ట భూగోళం రెండవ వైపున మరో కథ నడిపింది. దక్షిణాఫ్రికా, నమీబియా తీరాల దీవులలో పెంగ్విన్లు, ఇతర సముద్రపక్షులు వేల ఏళ్ళుగా వేసిన రెట్ట గుట్టలుగా పేరుకుపోయి ఉండేది. పెంగ్విన్లు ఆ గుట్టల్లోనే బొరియలు తవ్వుకుని, ఎండకూ వేటకూ అందకుండా గుడ్లు పెట్టేవి. 1840లలో ఐరోపా పొలాలకు దాని విలువ తెలిసింది. ఇచాబో అనే చిన్న దీవి చుట్టూ వందలాది ఓడలు లంగరు వేశాయి. 1845 నాటికి దీవిని రాతినేల కనబడేదాకా గీకేశారు. ఇతర దీవులలోనూ అదే పని సాగింది. బొరియ తవ్వుకోవడానికి నేల లేక పెంగ్విన్లు బయటే గుడ్లు పెట్టవలసి వచ్చింది. ఆ గుడ్లను ఏరుకునే వ్యాపారం 1960ల దాకా నడిచింది. ఇప్పుడు చేపలూ తగ్గిపోయాయి. బౌల్డర్స్ తీరంలో మనం లక్షలు పోసి చూడబోయే ఆ ఆఫ్రికా పెంగ్విన్‌ను 2024లో అంతరించడానికి అతి దగ్గరగా ఉన్న జాతుల జాబితాలో చేర్చారు.

ఎరువు ఒకటే, లాభాపేక్ష కూడా ఒకటే. అక్కడ ఎరువును ఓడకెత్తినవాడికి మరుసటి ఏడు పక్షి వస్తే ఏమి, రాకపోతే ఏమి? ఇక్కడ ఎరువు నీటితోనే మడికి వచ్చేది. పక్షి రాకపోతే తన మడికే నష్టం. దయ వల్లనో భక్తి వల్లనో మాత్రమే మన పల్లెలు పక్షులను కాపాడాయని నేను అనను. అవి కూడా ఉండి ఉంటాయి. కానీ రైతుకు తన లాభం ఎక్కడ ఉందో, అది ఎన్నేళ్ళు రావాలో తెలుసు.

*

పులిహోర తింటూ మనవడికి పై కథ చెప్పాను. చెప్పాక ఆగలేకపోయాను. నిన్నటి ప్రశ్నకు జవాబు కూడా చెప్పాను. మీకూ చెబుతాను.

1991లో నేను చిత్తూరు జిల్లాలో ఒక పల్లె బడిలో పనిచేస్తున్నాను. బడి వెనుక చెరువు, కట్టమీద ఐదారు ముసలి చింతచెట్లు. ఏటా చలికాలంలో పసుపు ముక్కు, రెక్కల వెనుక గులాబి రంగు ఉన్న పెద్ద కొంగలు వచ్చి వాటిమీద గూళ్ళు పెట్టేవి. పిల్లలు ప్రార్థనకు నిలబడే చోట రెట్ట పడేది. చేపల వాసన తరగతి గదిలోకి వచ్చేది. చెట్లు కొట్టించమని అర్జీ పెట్టాలని ఊరి పెద్దలు అనుకున్నారు. మంచి భాషలో రాయగలవాడిని నేనొక్కడినే. "బాలబాలికల ఆరోగ్య పరిరక్షణార్థం" అని మొదలుపెట్టి రెండు పుటలు రాశాను. నా శైలిని అందరూ మెచ్చుకున్నారు. చెట్లను వేలం వేశారు. వచ్చిన డబ్బుతో బడికి ప్రహరీ కట్టారు.

ఆ చలికాలం కూడా కొంగలు వచ్చాయి. రెండు రోజులు చెరువు మీద గుండ్రంగా తిరిగాయి. మూడో రోజు లేవు. తరువాత నేను అక్కడ పనిచేసిన ఆరేళ్ళలో ఒక్క ఏడూ రాలేదు.

చెరువు కింద మడి ఉన్న ఒక ముసలి రైతు అప్పట్లో నాతో ఒక మాట అన్నాడు. "అయివారా, అర్జీలో అన్నీ రాస్తివి. రేపటి నుంచి మా మళ్ళకు ఎరువు ఎవురు పోస్తారో అది రాయకపోతివే." చదువురానివాడి మాట అని చిరునవ్వు నవ్వి ఊరుకున్నాను. ఆ ఏడే తొమ్మిదో తరగతికి హంస క్షీరనీరాలను వేరుచేసే వైనం పాఠంగా చెప్పాను. నలుడికి దొరికిన హంస, పింగళి సూరన శుచిముఖి, మానస సరోవరం అన్నీ చెప్పాను. కిటికీలోంచి కనబడే కొంగ పేరు ఒక్క పిల్లవాడిని కూడా అడగలేదు.

మనవడు ఏమీ అనలేదు. పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

*

మధ్యాహ్నం సూళ్ళూరుపేట చేరి, చెంగాళమ్మ తల్లికి దండం పెట్టుకుని, శ్రీహరికోట వైపు పోయే బస్సు ఎక్కాము. ఊరు దాటగానే రోడ్డు సరస్సు మధ్యలోకి సాగుతుంది. రెండు పక్కలా నీరు, లేదా నీరు ఇంకిన బురద. అటకానితిప్ప దగ్గర దిగాము.

పులికాట్ మన దేశంలో చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. తమిళులకు అది పళవేర్కాడు. తెలుగువారు ప్రళయకావేరి అన్నారు. ఆ పేరుతో స.వెం. రమేశ్ గారు రాసిన ప్రళయకావేరి కథలు చదివినవారికి ఈ సరస్సు దీవులు, అక్కడి తెలుగు, అక్కడి తిండీ పాటా కొత్తకాదు. చదవనివారు తప్పక చదవండి.

ఈ నీటికీ మా తిరుపతికీ పాత సంబంధమే ఉంది. ఒకప్పుడు చంద్రగిరిని రాజధాని చేసుకున్న విజయనగర రాజు రెండవ వేంకటపతి కాలంలో, 1610లో, డచ్చివారు ఆయన అనుమతితో పులికాట్‌లో వర్తకం పెట్టారు. 1613లో గెల్డ్రియా అనే కోట కట్టారు. మన నేతగాళ్ళ బట్టలు అక్కడినుంచి తూర్పు దీవులకు ఓడలలో వెళ్ళాయి. 1690లో వారు ముఖ్య కేంద్రాన్ని నాగపట్టణానికి మార్చుకున్నారు. ఇప్పుడు ఆ కోట శిథిలం, పక్కన సమాధుల రాళ్ళు మిగిలాయి. సరస్సుకు ఈ వైపున మరో కాలపు కోట లేచింది. శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ 1971 అక్టోబరు 9న ఎగిరింది. రాకెట్ల కోసం వేసిన ఈ రోడ్డు మీద నిలబడే మేము పక్షులను చూశాము. సరస్సులో నీటి పారుదలకు అడ్డుపడినదీ ఈ రోడ్డే. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసుకతో పూడిపోవడంతో ఉత్తర భాగం ఎండుతున్నదని జాలరులు ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. నీరు తగ్గితే చేప లేదు. చేప లేకపోతే వారూ లేరు, పక్షీ లేదు. వేడంతాంగల్ రైతుల మొర వంటిదే ఇదీ.

దూరంగా నీటి అంచున ఒక లేత గులాబి గీత కనిపించింది. దుర్భిణిలో చూస్తే ఆ గీత వందల ఫ్లెమింగోలు. పొడుగు కాళ్ళ మీద నిలబడి, తలకిందులుగా ముక్కు ముంచి, బురదనీటిని వడగట్టుకుంటున్నాయి. తమిళులు దీనిని పూనారై అంటారు. మన పత్రికలు రాజహంస అంటాయి. పండిత శిక్షణ కాలంలో వల్లెవేసిన అమరకోశం అప్పుడు గుర్తుకు వచ్చింది. తెల్లని దేహం, ఎర్రని ముక్కు, ఎర్రని కాళ్ళు కలవి రాజహంసలని అందులో లక్షణం చెప్పారు. హిమాలయాలు దాటి వచ్చే పట్టెతల బాతే కావ్యాలలోని హంస అని కొందరంటారు. ఆ చర్చ పెద్దలు చేయనీ. నాకు మాత్రం నలభై ఏళ్ళు నోటితో పలికిన మాటకు ఆ సాయంత్రం ఒక రూపం దొరికింది. అది కూడా పాలను నీటినుంచి కాదు, ఆహారాన్ని బురదనుంచి వేరుచేస్తున్నది.

*

తిరుగు బస్సులో మనవడు అడిగాడు. "తాతా, పోయినవి మళ్ళీ వస్తాయా?"

అప్పుడు కలివికోడి కథ చెప్పాను. జెర్డన్ పేరు మీద 1848లో శాస్త్రజ్ఞులు నమోదు చేసిన పిట్ట అది. 1900లో అనంతపురం వైపు కనిపించాక మరి జాడ లేదు. అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు దాని బొమ్మలు పట్టుకుని మన రాయలసీమ పల్లెలలో అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర అది మళ్ళీ దొరికింది. దొరికించినవాడు ఆ పల్లె వేటగాడు. పుస్తకాలలో ఎనభై ఐదేళ్ళకు పైగా లేని పిట్ట, కలివి పొదల పక్కన బతికేవారి నోట పేరుతో సహా ఉంది. తరువాత లంకమల అభయారణ్యం వచ్చింది. తెలుగుగంగ కాలువ దారి కూడా దాని కోసం మార్చారు. నేటికీ అది ప్రపంచంలోని అత్యంత అరుదైన పక్షులలో ఒకటి.

ఉత్తరాది పెంగ్విన్ విషయంలో పేరు మిగిలినా పక్షి దక్కలేదు. కలివికోడి విషయంలో పేరు మిగిలింది కనుకనే పక్షి దక్కింది. అందుకే ఒక విన్నపం. మీ మీ ఊళ్ళలో పక్షులను ఏమని పిలుస్తారో, ఆ పేర్లను తెలిసిన పెద్దలు ఉండగానే రాసిపెట్టండి. పండితులు పెట్టిన పేర్లు కాదు, రైతులూ జాలరులూ వేటగాళ్ళూ పెట్టినవి. వీలైతే అక్టోబరు, మార్చి నెలల మధ్య ఒకసారి నేలపట్టు వెళ్ళి రండి.

ఇల్లు చేరాక మనవడు లెక్క తేల్చాడు. ఇద్దరికీ బస్సులు, ఆటోలు, టీలు, టికెట్లు అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే. "ఇంత చవకగా ఎట్లా అయింది తాతా?" అన్నాడు. చవక కాదురా, ఖర్చు మనకు ముందే వేరేవాళ్ళు పెట్టుకున్నారని చెప్పాను. కొట్టుకోగలిగీ కొట్టని చెట్లు, పట్టుకోగలిగీ పట్టని పక్షులు, రెట్టవాసనకు మూసుకోని కిటికీలు ఆ ఖర్చులోవే. నేను ఆ కిటికీ మూసినవాడిని.

గత నెల ఆ పల్లెకు వెళ్ళివచ్చాను. చెరువు ఉంది. కట్ట బోడిగా ఉంది. బడి ప్రహరీ మీద పిల్లలు బొమ్మలు వేశారు, వాటిలో ఒక పెంగ్విన్ కూడా ఉంది. ఆ చెరువుకట్ట మీద చింతమొక్కలు నాటడానికి అనుమతి కోరుతూ పంచాయతీకి ఒక అర్జీ ఇచ్చాను. ఈసారి ఒక్క పుటే రాశాను. చివరి వాక్యం ఆ ముసలి రైతు అన్నదే.